ఆదికి తీసుకెళ్ళిన జాకెట్టు

మా దొడ్డమ్మ కొట్లో నూట నలభై రెండు ఆది జాకెట్లు ఉండేవి. పోయిన ఆగస్టులో, మూడంటే మూడు వారాల్లో, వాటిలో ముప్పై ఒకటి వెళ్ళిపోయాయి. ఎవరూ తిట్టలేదు. ఎవరూ గొంతు పెంచలేదు. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికొచ్చి, కుర్చీలో కూచుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి మరీ అడిగారు.

"దేవకుమారి గారండీ, ఏమీ అనుకోకండి, నా ఆది ఒకసారి ఇస్తారా? మా చెల్లెలు మోడల్ చూస్తానంటేనూ."

"దానికేముందండీ, తీసుకెళ్ళండి."

మా ఏలూరు మర్యాద అది. చెంప పగలగొట్టినా అండీ అంటూనే పగలగొడతారు.

ఆది అంటే ఏమిటో మా ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ తెలుగు రాకుండానే తెలుగువాళ్ళ మీద పుస్తకాలు రాసేసేవాళ్ళు కూడా ఉన్నారని ఈమధ్యే తెలిసింది కాబట్టి చెబుతున్నాను. ఒంటికి చక్కగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి, కుట్టేవాళ్ళ దగ్గర పెట్టి ఉంచుతారు. దాన్ని పెట్టుకునే కొత్తవి కత్తిరిస్తారు. అదే ఆది. టేపు చెప్పలేనివి ఆది చెబుతుంది. ఈవిడకి ఎడమ భుజం కాస్త దిగుతుందనీ, ఈవిడ చెయ్యెత్తి బోర్డు మీద రాసే టీచరు కాబట్టి చంక దగ్గర వదులుండాలనీ. ఆది ఇవ్వడమంటే నమ్మి ఒళ్ళప్పగించడం. తిరిగి అడగడమంటే, ఇక నీ గుమ్మం తొక్కను అనడం. చెల్లెలు, మోడలు, ఇవన్నీ పైకి చెప్పే మాటలు. ఇచ్చేవాళ్ళకీ తెలుసు, పుచ్చుకునేవాళ్ళకీ తెలుసు.

దొడ్డమ్మ తనంతట తాను ఎవరి ఆదీ తిరిగి ఇచ్చి ఎరగదు. చచ్చిపోయినవాళ్ళవి కూడా బీరువాలోనే ఉంటాయి. ప్రతిదానికీ లోపల ఒక గుడ్డముక్క, దాని మీద దారంతో కుట్టిన పేరు. బీరువా పైన ఒక స్టీలు పెట్టె ఉంటుంది. ఒంటికి ఆపరేషన్లు అయినవాళ్ళవి అందులో పెడుతుంది. అవి ఎవరివని నేనెప్పుడూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. సొంత అక్కచెల్లెళ్ళకి కూడా చెప్పుకోని సంగతులు ఆ పెట్టెలో మడతపెట్టి ఉంటాయి. అలాంటి మనిషిని దొంగని చేశారు. ఎవరో పక్కింటావిడ గోడ మీంచి అన్న మాట కాదు ఇది. ఒక సినిమా అంది.

ఆ సినిమా పేరు రాయను. నా చేత్తో దానికి పబ్లిసిటీ ఎందుకు?

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పేరు ఏసుకుమార్. గూడెం కాలేజీలో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మానేశాను. ఉండి ఊరి నుంచి కొల్లేటి చెరువులకి చేపల మేత వ్యాను తోలుతున్నాను. పవర్‌పేటలో దొడ్డమ్మ ఇంట్లోనే ఉంటాను, ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. దేవకుమారి మా అమ్మకి అక్క.

దొడ్డమ్మ పుట్టింది కొల్లేటికోట అవతల, చెరువు గట్టు మీద తాటాకు పాకలో. మా తాత ఏలీయా ఎవరివో చేపల చెరువులకి కాపలా. తాతకి చూపు ఆనేది కాదు. వల చినిగితే ఎనిమిదేళ్ళ దొడ్డమ్మే కూచుని బాగుచేసేది. వల కన్ను కొలవడానికి స్కేలు అక్కర్లేదు, రెండు వేళ్ళు చాలు. ఆ వేళ్ళే తర్వాత జాకెట్లకి పనికొచ్చాయి. పాస్టరమ్మ గారు చర్చి వరండాలో మూడు మెషిన్లు వేసి ఆడపిల్లలకి కుట్టు నేర్పితే, రెండో నెలలోనే పాస్టరమ్మ గారి జాకెట్టు కుట్టి ఆవిడకే తొడిగింది. గూడెంలో రైస్‌మిల్లులో పనిచేసే ఆయనకిచ్చి పెళ్ళి చేశారు. ఆరేళ్ళకి ఆయన కామెర్లతో పోయాడు. పిల్లల్లేరు. నాలుగు రోజులు కూచుని ఏడవడానికి కూడా ఎవరూ తీరిక ఇవ్వలేదు. చర్చిలో తెలిసినవాళ్ళెవరో చెబితే హైదరాబాదు వెళ్ళి ఒక పెద్ద బొటిక్‌లో చేరింది. తొమ్మిదేళ్ళు చేసింది. చివర్లో అక్కడ జాకెట్ల కటింగ్ మొత్తం ఆవిడదే. పెళ్ళికూతురు గుమ్మంలోంచి నడిచొచ్చేలోపు చుట్టుకొలత ఎంతో చెప్పేసేదట.

ఆ బొటిక్ ఓనరు మేడమ్‌కి తెలుగు రాదు. దొడ్డమ్మకి ఇంగ్లీషు, హిందీ రావు. మధ్యలో మాట చేరవేయడానికి ఒక అమ్మాయి ఉండేది. ఇందుజ. అప్పటికి ఇరవై మూడేళ్ళు. అమ్మానాన్నలు తెలుగువాళ్ళే, పెరిగింది ఢిల్లీలో. తెలుగు మాట్లాడుతుంది. ఎంత వచ్చో, ఎంత రాదో మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. అదే కొంప ముంచింది.

ఇందుజ రెండేళ్ళు దొడ్డమ్మ పక్కనే కూచుని అన్నం తింది. సెలవకి వచ్చి వెళ్ళినప్పుడల్లా దొడ్డమ్మ తీసుకెళ్ళిన చేపల పులుసు తింది. ఆ పిల్ల జీవితంలో మొదటిసారి చీర కట్టుకుంటే, ఆ జాకెట్టు కుట్టింది దొడ్డమ్మే. ఆదిగా ఇవ్వడానికి ఆ పిల్ల దగ్గర పాత జాకెట్టు లేదు. అందుకని ముందు కోరా గుడ్డతో ఒకటి కుట్టి, తొడిగి చూసి, విప్పి, మళ్ళీ కుట్టి, అది కుదిరాక పట్టు కత్తిరించింది. కోరా జాకెట్టు తన పెట్టెలో పెట్టుకుంది. పెట్టుకున్నానని ఆ పిల్లతో చెప్పిందో లేదో గుర్తు లేదంటుంది. ఆది దాచి ఉంచడం కూడా చెప్పాలా? బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టానని చెబుతామా?

ఒక శనివారం సాయంత్రం. ఎవరో పెళ్ళికూతురి మగ్గం వర్క్ జాకెట్టు బాగా కుదిరిందనీ, అదే కుదురుతో ఇంకో ఆరు కావాలనీ అన్నారు. మర్నాడు బొటిక్‌కి సెలవు. చర్చి నుంచి వచ్చాక గదిలో కూచుని ఆరూ కత్తిరించి పెట్టుకుంటే సోమవారం కుట్టుకి ఎక్కించవచ్చని దొడ్డమ్మ ఆ జాకెట్టు సంచీలో పెట్టుకుంది. గేటు దగ్గర ఇందుజ కనపడింది.

"అదెక్కడికి ఆంటీ?"

"ఆదికమ్మా" అంది దొడ్డమ్మ.

అంతే. ఆ ఒక్క ముక్కే జరిగింది.

సోమవారం పొద్దున్నే పెళ్ళికూతురి తల్లి వచ్చి జాకెట్టు అడిగింది. దొడ్డమ్మ ఎక్కిన బస్సు ఆ రోజు ఆలస్యం. సంచీ పట్టుకుని వచ్చేసరికి మేడమ్ హాల్లో నిలబడి ఉంది. ఇందుజతో ఏదో అడిగించింది. ఇందుజ తెలుగులో, "ఆంటీ, జాకెట్టు మీరే తీసుకెళ్ళారా?" అంది. "నేనేనమ్మా, ఆదికి తీసుకెళ్తున్నానని మీకు చెప్పాను కదా" అంది దొడ్డమ్మ. ఇందుజ ఇంగ్లీషులో ఏదో చెప్పింది. మేడమ్ మొహం మారిపోయింది. మధ్యాహ్నానికల్లా దొడ్డమ్మని పంపేశారు.

బయటికి తీసుకెళ్ళేవి గేటు రిజిస్టర్లో రాయాలని రూలు. రాయలేదు. అందుకే పంపేశారనుకుంది మా దొడ్డమ్మ. ఏడేళ్ళు అలాగే అనుకుంది. "తప్పు నాదేలేరా, ఒక్క గీత గీస్తే పోయేది" అని నాతో ఎన్నిసార్లు అందో.

ఏలూరు వచ్చి పవర్‌పేటలో కొట్టు పెట్టుకుంది. ఇందుజ అక్కడే ఇంకొన్నాళ్ళుండి, బొటిక్‌లో ఉద్యోగం మీద ఇంగ్లీషులో నవల రాసింది. నవల సినిమా అయింది. ఫోన్లో చూసే సినిమా, తెలుగు డబ్బింగుతో సహా. విడుదలకి ముందు ఒక ఇంటర్వ్యూలో ఆ రచయిత్రి గారు నవ్వుతూ చెప్పింది, "కథలో దేవమ్మ పాత్రకి స్ఫూర్తి ఏలూరుకి చెందిన దేవకుమారి ఆంటీ" అని.

ఆ ముక్క నా ఫోన్లో చూసింది నేనే. ఎగిరి గంతేసింది నేనే. పవర్‌పేట రైల్వే గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టించింది కూడా నేనే. 'మన ఏలూరు దేవకుమారి గారి జీవితం సినిమాగా' అని, చర్చి వార్షికోత్సవంలో తీసిన ఫొటోతో. పక్క కొట్లో చీరలకి ఫాల్స్ కుట్టే సాబిరా ఆంటీ అది చూసి, "ఏంటి దేవక్కా, నవ్వకుండా నిలబడ్డావ్, కార్పొరేటర్‌గా పోటీ చేస్తున్నావా?" అంది. దొడ్డమ్మ నన్ను తిట్టింది. కానీ విడుదలకి ముందు ఆ రెండు రోజులూ స్టేషన్‌కి ఎప్పుడు వెళ్ళినా గేటు వైపు నుంచే వెళ్ళింది. అది కూడా రాయాలి.

అంటే సినిమాలో దేవమ్మ ఎవరో ఏలూరు మొత్తానికి చాటింపు వేసిన వెధవని నేను. ఈ కోపంలో నా వాటా నాకుంది.

విడుదలైన మర్నాడు, మధ్యాహ్నం, కొట్లో నా ఫోను మెషిన్‌కి ఆనించి పెట్టాను. దొడ్డమ్మ, సాబిరా ఆంటీ, ఖాతాదార్లు ఆరుగురు. ఎవరో జంతికలు కూడా తెచ్చారు. మొదట కొల్లేరు చూపించారు, కొంగలు, పడవ. దేవమ్మ సెలవకి పడవెక్కి ఏలూరు వెళుతుందట. పవర్‌పేట స్టేషన్‌కి పడవ ఏ ప్లాట్‌ఫారమ్ మీదికొస్తుందో ఆ డైరెక్టరే వచ్చి చూపించాలి. అందరూ నవ్వారు. అప్పటికింకా నవ్వులే.

గంట గడిచాక ఆ సీను వచ్చింది. దేవమ్మ పెళ్ళికూతురి పట్టు జాకెట్టు సంచీలో దాచుకుంటుంది. ఇందుజ వేషం వేసిన హీరోయిన్ గేటు దగ్గర అడుగుతుంది. దేవమ్మ తల దించుకుని, "ఆదివారానికమ్మా" అంటుంది. తర్వాత చర్చి. దేవమ్మ ఆ దొంగ జాకెట్టు తొడుక్కుని పాటలు పాడుతూ ఉంటుంది. వెనక బెంచీలో హీరోయిన్. కళ్ళనిండా నీళ్ళు. బయటికొచ్చాక దేవమ్మ చెయ్యి పట్టుకుని, "పోనీలే ఆంటీ, ఒక్క ఆదివారమైనా రాణిలా ఉన్నారు. నేను మిమ్మల్ని క్షమించాను" అంటుంది. వయొలిన్లు.

క్షమించిందట!

కొట్లో జంతికలు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. ఒకావిడ లేచింది. "పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చానండి." ఇంకొకావిడ, "మా ఆయన భోజనానికొచ్చే టైమండి." పది నిమిషాల్లో కుర్చీలన్నీ ఖాళీ. సాబిరా ఆంటీ ఒక్కతే మిగిలింది.

నేను ఫోను నేలకేసి కొట్టబోయాను. దొడ్డమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "ఆ గేటు దగ్గరి ముక్క మళ్ళీ పెట్టరా ఏసూ" అంది. పెట్టాను. మళ్ళీ పెట్టమంది. మూడుసార్లు చూసింది. ముక్కు మీది కళ్ళజోడు తీసి మెషిన్ మీద పెట్టింది.

"ఆ పిల్ల ఆదంటే ఆదివారం అనుకుందిరా" అంది.

సాబిరా ఆంటీ నోటి మీద చెయ్యేసుకుంది. నాకు అర్థమవడానికి ఇంకాస్త టైము పట్టింది. ఏడేళ్ళుగా ఆ బొటిక్‌లో అందరూ, మా దొడ్డమ్మ వాళ్ళ పెళ్ళికూతురి జాకెట్టు చర్చికి తొడుక్కుని వెళ్ళిందనే అనుకుంటున్నారు. గీత గీయనందుకు కాదు. దొంగని చేసి పంపారు. ఆ సంగతి ఆవిడకి మొట్టమొదట చెప్పింది మెషిన్‌కి ఆనించిన నా ఫోను.

ఆ వారం నుంచే ఆదులు వెళ్ళడం మొదలైంది. జాకెట్టుగుడ్డలంటే మాటలా, పట్టు, జరీ, అమ్మ చీరలోంచి కత్తిరించిన ముక్కలు. దొంగ చేతికి ఎవరిస్తారు? నేను ఊరుకోలేదు. మేత దింపేసి వచ్చాక రోజూ నలుగురైదుగురి ఇళ్ళకి వెళ్ళి చెప్పాను. ఆ పిల్లకి తెలుగు రాదండీ, ఆది అన్న మాటకి అర్థం తెలీదండీ, అదండీ జరిగింది. ఎంత మర్యాదగా వినేవారో. విన్నాక ఒకటే మాట.

"బాబూ, మీ దొడ్డమ్మ మీద నీకు ప్రేముంటుంది, కాదనను. కానీ ఆదంటే తెలీని ఆడది ఉంటుందా? అదీ బట్టల కొట్లో పనిచేసిన మనిషి?"

ఒకరు కాదు, అందరూ అదే. ఏలూరులో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ మాట తెలియని మనిషి ఉంటుందంటే నమ్మకం కుదరదు. నిజం మా దగ్గరే ఉంది. ఎవరికి చెప్పినా కట్టుకథలా ఉంది. అబద్ధానికి వయొలిన్లున్నాయి.

ఇంకొకటి. సినిమాలో దేవమ్మగా వేసిన అమ్మాయి వెదురుపుల్లలా ఉంటుంది. ఆ పెళ్ళికూతురి జాకెట్టు ముప్పై నాలుగు. మా దొడ్డమ్మది నలభై రెండు. ఆ జాకెట్టు ఆవిడకి మోచెయ్యి కూడా దాటదు. ఈ లెక్క కూడా చెప్పి చూశాను. "ఏమో బాబూ" అన్నారు.

నేను ఇందుజకి ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాను. మర్యాదలేం పెట్టుకోలేదు. నువ్వు రాసింది అబద్ధం, మా దొడ్డమ్మ కొట్టు ఖాళీ అవుతోంది, మొహముంటే వచ్చి చూడు అని రాశాను. రెండు రోజులకి జవాబొచ్చింది. రెండు చేతులు జోడించిన బొమ్మ, ఒక ఎర్ర గుండె. మంగళవారం వస్తున్నాను, ఆంటీని చూడాలని ఎంతో ఉంది, చిన్న వీడియో కూడా తీసుకుంటాం అని. నేను రాసింది తిట్టని కూడా ఆవిడకి తెలియలేదు. ఆహ్వానమనుకుంది.

"రానీ" అంది దొడ్డమ్మ. అప్పటికి గేటు దగ్గరి ఫ్లెక్సీ నేనే చింపి తెచ్చాను. వెనక తెల్లగా ఉందని ఆవిడ దాన్ని కటింగ్ నమూనాలకి వాడుకుంటోంది. తన మొహం ఉన్నచోటే వెనకవైపు జాకెట్టు చేతుల నమూనా గీసి, కత్తెర పెట్టి కత్తిరించింది. చూడలేక బయటికి వెళ్ళిపోయాను.

మంగళవారం పదకొండింటికి కొట్లో నలుగురున్నారు. సాబిరా ఆంటీ, ఓణీకి జాకెట్టు కోసం వచ్చిన ఒక తల్లీ కూతురూ, ఇంకా ప్రసన్నకుమారి టీచరు. అది ఆవిడ అసలు పేరు కాదు, ఎందుకు మార్చానో చదివితే తెలుస్తుంది. టీచరు గారు చాలాసేపు చీర కొంగు సర్దుకుంటూ కూచుని, చివరికి గొంతు తగ్గించి అంది.

"దేవకుమారి గారండీ, నాది కూడా... నాది స్టీలు పెట్టెలో ఉంటుంది కదండీ. ఇచ్చేస్తారా?"

దొడ్డమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. అప్పటిదాకా వెళ్ళిన ముప్పై ఒకటికీ ఆవిడ మొహంలో రంగు మారలేదు. ఇప్పుడు మారింది. స్టీలు పెట్టెలోంచి ఎవరూ ఇంతవరకు అడగలేదు.

"ఇస్తానండీ. ఒక్క నిమిషం కూచోండి" అంటూ స్టూలు జరుపుకుంటోంది. అప్పుడే బయట కారు ఆగింది.

ఇందుజ దిగింది. చేనేత చీర, చెవులకి పెద్ద వెండి బుట్టలు, వెనక కెమెరా పట్టుకున్న కుర్రాడు. "దేవా ఆంటీ!" అని వచ్చి వాటేసుకుంది. నేను ఒకడుగు ముందుకేశాను. దొడ్డమ్మ ఆ పిల్ల భుజం మీంచి నా వైపు ఒక చూపు చూసింది. ఆగిపోయాను.

"అస్సలు మారలేదు ఆంటీ మీరు! సినిమా చూశారా? నచ్చిందా?"

"చూశామమ్మా. ఊరంతా చూశారు."

"నేను రాస్తున్నప్పుడు ఎంత ఏడ్చానో తెలుసా, మీ చాప్టర్‌కి!" కెమెరా కుర్రాడితో, మెషిన్ కూడా ఫ్రేములో రావాలని చెప్పి, మళ్ళీ ఇటు తిరిగింది. "ఆంటీ, నాకొక బ్లౌజు కుట్టాలి. అప్పుడు కుట్టారు కదా, అలాగే. కెమెరా ముందు కొలతలు తీసుకోండి, ప్లీజ్."

దొడ్డమ్మ టేపు ముట్టుకోలేదు. "కొలతలెందుకమ్మా? మీ ఆది నా దగ్గరే ఉంది."

ఇందుజ కళ్ళు పెద్దవి చేసింది. గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "నా ఆదివారం మీ దగ్గరుందా? అబ్బా ఆంటీ, ఎంత బాగా అన్నారు!" కెమెరా వైపు తిరిగి, "విన్నారా? ఆది అంటే సండే. నా సండే ఈవిడ దగ్గర దాచి ఉందట. వీళ్ళ మాటల్లోనే కవిత్వం ఉంటుంది" అంది.

ఓణీ పిల్ల తల్లి నోరు తెరుచుకుని చూస్తోంది. సాబిరా ఆంటీ ముందుగా పేలింది.

"యా అల్లా! ఈ పిల్లకి నిజంగానే ఆదంటే తెలీదు!"

ప్రసన్నకుమారి టీచరు లేచి నిలబడింది. తప్పు చెప్పిన పిల్లని ఇంకోసారి చెప్పమన్నట్టు, మెల్లగా అడిగింది. "అమ్మా, ఆది అంటే ఆదివారం అనుకుంటున్నారా మీరు?"

"కాదా?"

దొడ్డమ్మ బీరువా తెరిచి, అడుగు అరలోంచి కోరా జాకెట్టు తీసి బల్ల మీద పరిచింది. లోపల గుడ్డముక్క మీద నీలం దారంతో 'ఇందుజమ్మ' అని ఉంది. "దీన్నంటారమ్మా ఆదని. ఇది చూసే మీ పట్టుజాకెట్టు కత్తిరించాను. ఆ పెళ్ళికూతురిది కూడా ఇందుకే తీసుకెళ్ళాను. గేటు దగ్గర మీరడిగితే ఆదికి అని చెప్పాను."

ఇందుజ ఆ పేరు చదివింది. మళ్ళీ చదివింది. "అంటే ఆ రోజు... నేను మేడమ్‌తో..." అని ఆగిపోయి, కెమెరా వైపు చెయ్యి ఊపింది. "ఆపు. ఆపెయ్యి."

"ఎందుకాపడం? తియ్యి!" అన్నాను నేను.

"నువ్వూరుకో ఏసూ." దొడ్డమ్మ గొంతు పెంచలేదు. పెంచితే నాకు కాస్త బాగుండేది. "ఏడేళ్ళమ్మా. రిజిస్టర్లో గీత గీయలేదని పంపించారనుకున్నాను. మీరు నా గురించి ఏం చెప్పారో మొన్న ఈ కుర్చీలో కూచుని, మా ఖాతాదార్లతో కలిసి తెలుసుకున్నాను. రెండేళ్ళు నా పక్కన అన్నం తిన్నారు. ఆదంటే ఏంటి ఆంటీ అని ఒక్కసారి అడిగితే మీ సొమ్మేం పోయేది? పోనీ మాట తెలీదు. కళ్ళున్నాయి కదా. అది ముప్పై నాలుగు జాకెట్టు. నా ఒళ్ళు చూడండి. అంత పుస్తకం రాశారు, నా భుజాల వంక ఒక్కసారి చూళ్ళేదా?"

ఇందుజ ఏడుస్తోంది. "సారీ ఆంటీ. నాకు నిజంగా తెలీదు. నెక్స్ట్ ఎడిషన్‌లో మార్పిస్తాను. ప్రొడ్యూసర్‌తో మాట్లాడతాను. నన్ను క్షమించండి ఆంటీ."

"మార్పిస్తే మంచిదే. సినిమాలో మీరు నన్ను క్షమించారు, నేనేం చెయ్యకుండానే. మీ క్షమాపణ సంగతి నేనూ దేవుడూ చూసుకుంటాం, దానికి ఆదివారం ఉంది. కొట్లో సంగతి వేరు."

కోరా జాకెట్టు మడతపెట్టింది. చేతులు లోపలికి, మెడ పైకి, ఖాతాదార్లకి ఇచ్చేటప్పుడు పెట్టే మడతే. కవర్లో పెట్టి రెండు చేతులతో అందించింది.

"మీ ఆది తీసుకెళ్ళండమ్మా."

ఓణీ పిల్ల తల్లి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఆ కొట్లో, ఆ చేతుల్లోంచి, అడక్కుండా వెళ్ళిన మొదటి ఆది అది.

ఇందుజ దాన్ని రెండు చేతులతో అందుకుంది. గుండెకి హత్తుకుంది. కన్నీళ్ళ మధ్య నవ్వింది కూడా.

"థాంక్యూ ఆంటీ. ఇది మీ దీవెన. జీవితాంతం దాచుకుంటాను."

నేను దొడ్డమ్మ మొహం చూశాను. ప్రసన్నకుమారి టీచరు, "అమ్మాయ్, అది దీవెన కాదు..." అని మొదలుపెట్టింది. అర్థం చెప్పకుండా ఉండలేకపోవడం టీచర్ల జబ్బు. దొడ్డమ్మ ఆవిడ చెయ్యి మీద చెయ్యి వేసింది.

"వదిలెయ్యండి టీచరు గారూ."

కారు వెళ్ళిపోయింది. దొడ్డమ్మ స్టూలు ఎక్కి స్టీలు పెట్టె దించింది. మూత తీయబోతుంటే టీచరు గారు ఆ మూత మీద అరచెయ్యి ఆనించింది.

"ఉండనివ్వండి. క్రిస్మస్‌కి రెండు కుట్టాలి మీరు."

"గుడ్డ తెచ్చారా?" అంది దొడ్డమ్మ. పెట్టె మళ్ళీ పైన పెట్టింది.

ఆ సాయంత్రానికల్లా సాబిరా ఆంటీ పవర్‌పేట అంతా తిరిగి చెప్పింది, ఓణీ పిల్ల తల్లి అమీనాపేట దాకా చెప్పింది. నేను మూడు వారాలు మొత్తుకున్నా నమ్మనిది వాళ్ళు చెబితే నమ్మారు. ముప్పై ఒకటిలో పదకొండు తిరిగొచ్చాయి. "మా చెల్లెలు చూసేసిందండీ" అని నవ్వుతూ బల్ల మీద పెట్టారు. దొడ్డమ్మ వాటిని బీరువాలో పెట్టలేదు. "పాతదాంతో పని లేదండీ, మళ్ళీ మొదట్నుంచి కొలవాలి" అని ఒక్కొక్కరినీ నిలబెట్టి టేపు తీసింది. కొలిచినంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు పాపం. మిగతా ఇరవై రాలేదు. వాళ్ళు సినిమానే నమ్మారో, మొహం చెల్లలేదో, వాళ్ళకే తెలియాలి.

ఇందుజ వచ్చి వెళ్ళి నాలుగు నెలలైంది. ఆ రోజు తీసిన వీడియో బయటికి రాలేదు. సినిమాలో గేటు సీను గేటు సీనులాగే ఉంది, వయొలిన్లతో సహా. మొన్న ఆ పిల్ల ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఫొటో పెట్టింది. హైదరాబాదులో వాళ్ళ హాల్లో, గోడ మీద, అద్దం ఫ్రేములో కోరా జాకెట్టు. కింద రాసుకుంది, దేవా ఆంటీ తన చేతులతో నాకు తిరిగి ఇచ్చిన కానుక అని. రెండు లక్షల మంది గుండె బొమ్మలు పెట్టారు.

ఏలూరు ఆడవాళ్ళు కూడా చూసే ఉంటారు. ఎవరూ కింద ఏమీ రాయలేదు. నేనూ రాయలేదు. ఆది తిరిగి చేతిలో పెడితే అర్థమేమిటో ఆ అమ్మాయికి చెప్పాలనిపించినవాళ్ళు చెప్పుకోండి. దొడ్డమ్మ వదిలెయ్యమంది.